దూకే చేపలకు తగిన మూత

కర్మాగారంలో తిరిగే ప్రతి చక్రానికీ రక్షణ కవచం ఉండాలని మనమందరమూ ఎరుగుదుము. 1966 మార్చి 4న జాతీయ భద్రతా మండలి ఏర్పడింది; ఏటా అదే రోజున మనం భద్రతా ప్రతిజ్ఞ చేస్తాము. అయితే విధులు ముగించుకొని ఇల్లు చేరిన పిమ్మట, ముందుగదిలోని చేపల తొట్టికి మూత లేదన్న సంగతి మన దృష్టికి రాదు. తెల్లవారేసరికి గచ్చు మీద ఎండిపోయిన చేపను చూసి పిల్లలు కంటతడి పెట్టినప్పుడు గాని ఆ లోటు తెలిసిరాదు.

దూకడం చేపకు దుర్గుణం కాదు; ప్రకృతి నేర్పిన విద్య. మన వాగులలోనూ వరిమడులలోనూ కనిపించే జీబ్రా డేనియో బెదిరితే ఎగురుతుంది. గాలి పీల్చగల కొర్రమీను, మడుగు ఎండినప్పుడు తడినేల మీద పాకి మరొక మడుగును చేరుతుంది. దక్షిణ అమెరికా నదులలోని అరోవానా కొమ్మల మీది పురుగుల కోసం నీటి నుండి పైకి ఎగురుతుంది. దీపం హఠాత్తుగా ఆర్పినా, తోటి చేప తరిమినా, నీరు చెడి ప్రాణవాయువు తగ్గినా చేపలు తొట్టిలోంచి దూకవచ్చు. కనుక ముందు కారణాన్ని తొలగించాలి. కవచం ఆ తరువాతి రక్షణ.

ఇక మూత ఎంపిక. గాజు వెలుతురును అడ్డుకోదు, సులభంగా శుభ్రపడుతుంది. కాని 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల మందం గల పలక 1.8 కిలోలు తూగుతుంది. పిల్లలున్న ఇంట అంచులు తప్పక సాన పట్టించాలి. ఆక్రిలిక్ పలక అందులో సగం బరువైనా ఉండదు; అయితే అడుగువైపు తేమను పీల్చుకొని క్రమేణా వంగి, అంచుల వద్ద సందు ఏర్పరుస్తుంది. రెండు పొరల పాలికార్బొనేట్ పలక తేలిక, గాజులా పగలదు.

మన వేసవికి జాలీ మూత మేలైనది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి అవసరం. అందులో చాలా భాగం తొట్టి నీటి నుండే పోతుంది కాబట్టి నీరు చల్లబడుతుంది. తగ్గిన నీటిని ఎప్పటికప్పుడు నింపుతుండాలి. కిటికీలకు బిగించే నైలాన్ జాలీని అల్యూమినియం చట్రంలో అమర్చితే సరిపోతుంది. జింకు పూత పూసిన ఇనుప జాలీ, రాగి జాలీ వాడరాదు. వాటిపై నుండి జారే నీటిబొట్లు చేపలకు విషం. దోమల మందు పట్టించిన దోమతెర గుడ్డ అంతకంటె ప్రమాదకరం.

మా క్వార్టరులోని రెండడుగుల తొట్టికి మేము ముందు సగం గాజు, వెనుక సగం జాలీ అమర్చుకున్నాము. మేత వేయడానికి గాజు పలకను జరిపితే చాలు.

ఏ మూత ఎంచుకున్నా, గాలిగొట్టం, వైరు బయటికి వచ్చే మూలలే అసలు ప్రమాద స్థానాలు. ఆ సందులను స్పాంజి ముక్కతో పూడ్చాలి. నీటిమట్టాన్ని అంచుకు 5 సెంటీమీటర్లు దిగువన ఉంచాలి. గౌరామి, ఫైటర్ చేపలు పైకి వచ్చి గాలి పీల్చేందుకు ఆ ఖాళీ అవసరం కూడా. కొర్రమీను, అరోవానా వంటి బలమైన చేపలు తేలిక మూతను తలతో నెట్టివేయగలవు. వాటి తొట్టి మూతకు క్లిప్పులు బిగించాలి. మూత నుండి జారిన నీరు వైరు వెంబడి ప్లగ్గులోకి చేరకుండా, వైరును ప్లగ్గు కంటె కిందికి వంపు తిప్పి పైకి తేవాలి. ఆ లైనుకు 30 మిల్లీఆంపియర్ల లీకేజి బ్రేకర్ ఉండటం క్షేమం.

చివరగా ఒక పరీక్ష. వర్క్‌షాపులో గో–నోగో గేజి వాడినట్లే, తొట్టిలోని అతి చిన్న చేప మందమూ ఎత్తూ గల అట్టముక్కను కత్తిరించి మూత అంచుల చుట్టూ చొప్పించి చూడాలి. అది దూరిన చోట చేపా దూరుతుంది. ఈ తనిఖీని వారానికొకసారి పిల్లలకే అప్పగిద్దాము. ఒక ప్రాణి క్షేమం తమ చేతిలో ఉన్నదని గ్రహించిన పిల్లలకు భద్రత అంటే ఏమిటో వేరే చెప్పనవసరం ఉండదు.