రెండు కిలోబైట్లలో ఏ లైబ్రరీకి చోటు?

1950ల మధ్యలో కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు హెచ్‌ఈసీ-2ఎం అనే కంప్యూటర్ వచ్చింది. భారతదేశానికి వచ్చిన మొదటి డిజిటల్ కంప్యూటర్ ఇదే. దాని డ్రమ్ మెమరీలో 16 బిట్ల పదాలు 1,024 పట్టేవి. లెక్క వేస్తే 2 కిలోబైట్లు. ప్రోగ్రామును యంత్రభాషలోనే రాయాలి కాబట్టి, ఏ పదం దేనికి ఖర్చవుతోందో రాసేవారికి తెలిసేది.

నేడు అదే నగరంలో, చాందినీ చౌక్ ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే ఆర్డుయినో ఊనో బోర్డు అరచేతిలో ఇమిడిపోతుంది. అందులోని ఏటీమెగా328పీ చిప్‌లో ప్రోగ్రాము దాచుకోవడానికి 32 కిలోబైట్ల ఫ్లాష్ మెమరీ ఉంది. ప్రోగ్రాము నడిచేటప్పుడు వాడుకునే ర్యామ్ మాత్రం 2 కిలోబైట్లే. అయితే, ఇప్పుడు ఆ ఖర్చు కంటికి కనిపించదు.

కొత్తగా నేర్చుకునేవారు ముందుగా ఏ కంపైలర్ ఎంచుకోవాలా అని తడబడతారు. ఊనో విషయంలో ఆ బెంగ అక్కర్లేదు. ఆర్డుయినో సాఫ్ట్‌వేర్ లోపల పనిచేసేది ఏవీఆర్-జీసీసీ అనే ఉచిత కంపైలరే. 8051 చిప్‌తో మొదలుపెట్టేవారికి ఎస్‌డీసీసీ కూడా ఉచితంగానే దొరుకుతుంది. అసలు ఎంపిక లైబ్రరీల దగ్గరే.

ఉదాహరణకు, 128 × 64 చుక్కల చిన్న ఓలెడ్ తెరను తీసుకుందాం. చుక్కకు ఒక బిట్ చొప్పున పూర్తి బొమ్మకు 1,024 బైట్లు కావాలి. అంటే ర్యామ్‌లో సగం! అడాఫ్రూట్ ఎస్‌ఎస్‌డీ1306 లైబ్రరీ బొమ్మ మొత్తాన్నీ ర్యామ్‌లోనే ఉంచుతుంది. పైగా ఆ చోటును ప్రోగ్రాము మొదలయ్యాకే అడుగుతుంది కాబట్టి, కంపైల్ అయ్యాక కనిపించే మెమరీ లెక్కలో అది చేరదు. దీనికి 512 బైట్ల బఫర్ వాడే ఎస్‌డీ కార్డు లైబ్రరీ తోడైతే మిగిలేది పావువంతే. అందులోనే మిగతా పనులన్నీ సాగాలి. చోటు చాలకపోతే తెర వెలగదు. నేర్చుకునేవారు వైర్లను, ఆపై తెరను అనుమానించి, కొత్తది కొనడానికి బయలుదేరతారు.

అదే తెరకు యూ8జీ2 లైబ్రరీలో మరో పద్ధతి ఉంది. బొమ్మను ఎనిమిది ముక్కలుగా, ఒక్కోసారి 128 బైట్లతో గీయవచ్చు. వేగం తగ్గుతుంది. ఉష్ణోగ్రత చూపించడానికి ఆ ఆలస్యం లెక్కలోకి రాదు; వేగంగా కదిలే బొమ్మల ఆటకైతే అడ్డే.

కాబట్టి లైబ్రరీని చేర్చే ముందు ఒకసారి, చేర్చాక ఒకసారి కంపైల్ చేసి మెమరీ అంకెలు రాసుకోవాలి. ప్రోగ్రాము నడిచేటప్పుడు అది ఇంకేమైనా చోటు అడుగుతుందేమో దాని వివరణలో చూడాలి. తెర వెలగకపోతే బజారుకు వెళ్లేముందు చూడాల్సింది ఆ లెక్కే.