ఉక్కు నగరంలో పాండవుల కథ

గణతంత్ర దినోత్సవానికి ముందు రోజు సాయంత్రం పద్మ పురస్కారాల జాబితా వెలువడగానే రాజధానిలోని విలేఖరులందరమూ చేసే పని ఒక్కటే. మొదట స్వరాష్ట్రం వారి పేర్లు వెదుకుతాము. ఆ పిమ్మట ఎవరు ఏ నాయకునికి సన్నిహితులో లెక్క కడతాము. 2019 జాబితాలో పద్మవిభూషణ్ నలుగురికి దక్కింది. వారిలో ఒకరు జిబూతీ దేశాధ్యక్షుడు, మరొకరు లార్సెన్ అండ్ టూబ్రో సంస్థ అధిపతి, ఇంకొకరు శివాజీ చరిత్రను ఇంటింటికీ చేర్చిన రచయిత. నాలుగవ పేరు తీజన్ బాయి. భిలాయి ఉక్కు కర్మాగారంలో మాజీ ఉద్యోగిని. పాండవుల కథ చెప్పే పార్ధీ తెగ స్త్రీ. ఆమెకు 2003లోనే పద్మభూషణ్, అంతకు చాలా ముందే పద్మశ్రీ లభించాయి. అయినా రాజకీయపు లెక్కలకు అందని పేరు కావడం వల్ల కాబోలు, ఆ సాయంత్రం దానిమీద పెద్దగా చర్చ జరగలేదు. జరగవలసిన చర్చ మాత్రం ఉన్నది.

తీజన్ బాయి 1956లో భిలాయికి చేరువలోని గనియారీ గ్రామంలో జన్మించింది. తాత బ్రిజ్‌లాల్ పార్ధీ, సబల్ సింగ్ చౌహాన్ రచించిన భారతాన్ని పాడుకుంటూ ఉండగా విని కంఠస్థం చేసింది. పన్నెండవ యేట పెండ్లి. ఆడది కథాగానం చేయడమా అని కులపెద్దలు ఆగ్రహించి వెలివేశారు. ఆమె చిన్న గుడిసె వేసుకుని, ఇరుగుపొరుగుల నుంచి వంటపాత్రలు, తిండిగింజలు అరువు తెచ్చుకుని ఒంటరిగా బ్రతికింది. పాట మాత్రం మానలేదు. పదమూడవ యేట చంద్రఖురీ గ్రామంలో తొలి ప్రదర్శన ఇచ్చింది. ముట్టిన పారితోషికం పది రూపాయలు.

ఈ పాండవానీ కళలో రెండు పద్ధతులున్నాయి. కూర్చుండి కథ చెప్పేది వేదమతి. లేచి నిలబడి, అభినయిస్తూ చెప్పేది కాపాలిక. ఆనాటి వాడుక ప్రకారం స్త్రీలు పాడితే గీడితే కూర్చుండి పాడవలసినదే. తీజన్ బాయి నిలబడి పాడింది. వెలికి కారణమైన గానం ఒక తప్పయితే, లేచి నిలబడడం రెండవ తప్పు!

బుర్రకథ ఎరిగిన తెలుగువారికి ఆమె ప్రదర్శనను వర్ణించి చెప్పడం సులభం. మన కథకుని చేతిలో తంబుర ఉన్నట్లే ఆమె చేతిలోనూ తంబుర ఉంటుంది. అది ఒక క్షణం భీముని గద, మరుక్షణం అర్జునుని విల్లు. ద్రౌపది పలికినా, దుశ్శాసనుడు హుంకరించినా కంఠం ఒక్కటే. మనకు వంతలు ఉన్నట్లు అక్కడ ‘రాగీ’ ఉంటాడు; ఊ కొడుతూ, నడుమ ప్రశ్నలు వేస్తూ, సభను నవ్విస్తూ కథను ముందుకు నడుపుతాడు. మన బుర్రకథలో ఒక వంత హాస్యానికి, మరొక వంత రాజకీయానికి అన్న విభజన ఉన్నది. పాండవానీలో ఆ రెండూ కథకురాలి నోటనే కలసి వస్తాయి. భీముడు అక్కడ మహావీరుడే కాదు, అన్నం కుండ చూస్తే ఆగలేని పల్లెటూరి బలశాలి. నవ్వించి, ఆ నవ్వు ఆరకముందే కురుసభలోనికి తీసుకుపోవడం తీజన్ బాయి విద్య.

హబీబ్ తన్వీర్ ఆమె ప్రతిభను గుర్తించిన తరువాత ఆమె పెద్ద వేదికలకు చేరింది. ఇందిరాగాంధీ సమక్షంలోనూ కథ చెప్పింది. దేశమంతటికీ పరిచయం చేసినది మాత్రం దూరదర్శన్. నెహ్రూ రచన ఆధారంగా శ్యామ్ బెనెగల్ 1988లో ఆరంభించిన ‘భారత్ ఏక్ ఖోజ్’లో మహాభారత ఘట్టానికి ఆమె పాండవానీని వాడుకున్నాడు. అదే సంవత్సరం బి.ఆర్. చోప్రా మహాభారతం కూడా మొదలైంది. కిరీటాలు, రథాలు, మంత్రాస్త్రాలు ఒకవైపు. ఒక స్త్రీ, ఒక తంబుర మరొకవైపు. విద్యార్థి దశలో రెండూ చూసిన నాకు రెండవదానిలోని కురుక్షేత్రమే పెద్దదిగా తోచింది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆమెను నిలబెట్టినది బిరుదులు కావు. 1986లో భిలాయి కర్మాగారం ఇచ్చిన ఉద్యోగం. సోవియట్ సహకారంతో నిర్మితమై, 1959 ఫిబ్రవరిలో రాజేంద్ర ప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన ఈ కర్మాగారం దేశానికి రైలు పట్టాలు ఇచ్చింది. తెలుగువారితో సహా నానా భాషల కుటుంబాలకు నీడ ఇచ్చింది. పాటకు పది రూపాయలతో మొదలైన మనిషికి నెలనెలా జీతం ఇవ్వడం కూడా అది చేసిన పనులలో ఒకటి. భిలాయిని స్వర్గమని చెప్పడం లేదు. ఆ కర్మాగారానికి ఖనిజం పంపే దల్లీ రాజహరా గనులలో కాంట్రాక్టు కార్మికుల హక్కులకై పోరాడిన శంకర్ గుహ నియోగీ 1991లో ఆ ఊరిలోనే హత్యకు గురైనాడు. శాశ్వతమైన ఉద్యోగానికి గల విలువ ఎంతటిదో అది లేనివారి చరిత్రను చూస్తేనే తెలుస్తుంది.

ఉక్కు తయారు చేయవలసిన సంస్థ కథకులను పోషించడమేమిటని ఆర్థికవేత్తలు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ప్రజల ధనంతో నడిచే సంస్థ ప్రతి పైసాకూ లెక్క చెప్పవలసినదే. అయితే ఆ లెక్క పూర్తిగా ఉండాలి. ప్రభుత్వరంగ సంస్థల పార్లమెంటరీ సంఘం 1964 నుంచి నివేదికలు సమర్పిస్తున్నది. ఉత్పత్తి ఎంత, నష్టం ఎంత, కార్మికుని తలకు ఎన్ని టన్నులు అన్నవే వాటిలో ప్రధానంగా కనిపిస్తాయి. కులం వెలివేసిన ఒక స్త్రీకి నిలకడగల బ్రతుకు కల్పించిన ఖర్చుకు ఆ పట్టికలలో గడి లేదు.

ఇది మనకు పరాయి చర్చ కాదు. 1966లో ప్రాణాలొడ్డి సాధించుకున్న విశాఖ ఉక్కును విక్రయించడానికి 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా అంగీకరించింది. 2025 జనవరిలో అదే కేంద్రం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ సహాయం ప్రకటించింది. ఈ రెండు నిర్ణయాల మీదా సాగిన వాదోపవాదాలు అప్పులు, గనులు, భూముల ధరల చుట్టూనే తిరిగినాయి. కర్మాగారం చుట్టూ పెరిగిన బ్రతుకుల విలువ ఎంత అని మన సభ్యులు గట్టిగా అడిగితే, ఆ ప్రశ్నకు భిలాయిలో ఒక సమాధానం సిద్ధంగా ఉన్నది. 2019లో రాష్ట్రపతి భవన్ దానికి పద్మవిభూషణ్ కూడా ఇచ్చింది.