ఖాళీ లారీ ఖరీదెంత?

మంజీరా నదిపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువల కింద, బాన్సువాడ ప్రాంతంలో వరి విస్తారంగా పండుతుంది. అక్కడి మిల్లుల నుంచి బియ్యం లారీల్లో దూరప్రాంతాలకు వెళ్తుంది. మరి బియ్యం దించిన లారీ తిరిగి ఎలా వస్తుంది? సరుకు దొరక్కపోతే ఖాళీగానే! ఖాళీ లారీ అయినా డీజిలు తాగక మానదు, టైర్లు అరగక మానవు. ఆ ఖర్చంతా వెళ్లేటప్పటి కిరాయిలోనే కలుస్తుంది. అంటే మనం కొనే బియ్యం ధరలో కొంత, గాలిని మోసినందుకు ఇచ్చే కూలి అన్నమాట.

"దగ్గర్లో ఉన్న సరుకు ఎక్కించుకుంటే సరిపోదా?" అంటారా? లెక్క వేసి చూద్దాం. హైదరాబాదులో ఒకే రోడ్డు మీద మొదట సిమెంటు గోదాము, దానికి 12 కిలోమీటర్ల అవతల మొదటి లారీ, మరో 10 కిలోమీటర్లకు ఎరువుల గోదాము, ఇంకో 13 కిలోమీటర్లకు రెండో లారీ ఉన్నాయనుకోండి. రెండు సరుకులూ బాన్సువాడకే రావాలి. మొదటి లారీ తనకు దగ్గరని ఎరువులకు వెళ్తే, రెండోది సిమెంటు కోసం 35 కిలోమీటర్లు పోవాలి. మొత్తం ఖాళీ నడక 45. తారుమారు చేస్తే? 12 + 13 = 25 మాత్రమే! ఎవరికి వారు దగ్గరిది చూసుకుంటే అందరికీ కలిపి మేలు జరగదని తేలింది కదూ?

రెండు లారీలకు రెండే పద్ధతులు. పది లారీలు, పది సరుకులైతే 36,28,800 పద్ధతులు! అన్నీ పరీక్షించకుండానే ఉత్తమమైనదాన్ని పట్టే ఉపాయాన్ని 1955లో హెరాల్డ్ కూన్ ప్రకటించాడు. అంతకుముందే, రెండో ప్రపంచ యుద్ధకాలంలో, ట్యాలింగ్ కూప్‌మన్స్ సరుకు ఓడల ఖాళీ ప్రయాణాలపై ఇలాంటి లెక్కలే వేశాడు. వనరుల కేటాయింపుపై కృషికి ఆయనకూ కాంటరోవిచ్‌కూ 1975లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఒప్పందాల్లోనూ ఇదే కిటుకు ఉంది. నిండు లారీ ఖర్చు 6 వేలు, ఖాళీ లారీ ఖర్చు 4 వేలు అనుకుందాం. మిల్లు యజమాని, ఎరువుల వ్యాపారి విడివిడిగా బేరమాడితే చెరో 10 వేలు ఇచ్చుకోవాలి. "రానుపోను సరుకు రెండూ నాకే ఇస్తే 14 వేలు చాలు" అని లారీ యజమాని అంటే? వాళ్లకు చెరో 3 వేలు ఆదా, ఇతనికి 2 వేలు లాభం! అమెరికాలో 1990లలో సియర్స్ సంస్థ ఇలా అనేక మార్గాలకు కలిపి ధర చెప్పే వేలాలు నిర్వహించింది.

అయితే లెక్కకూ హద్దుంది. కోతల కాలంలో వెళ్లే సరుకు ఎక్కువ, వచ్చేది తక్కువ. అప్పుడు కొన్ని లారీలు ఖాళీగా రాక తప్పదు. గణితం లేని సరుకును సృష్టించలేదు; ఉన్నదాన్ని సరిగా పంచగలదు.

ఈసారి రోడ్డు పక్కన నిలబడినప్పుడు ఓ గంటసేపు లారీలు లెక్కపెట్టండి. ఎన్ని నిండుగా వెళ్లాయి, ఎన్ని ఖాళీగా వచ్చాయి?