యూపీఎస్ ఉన్నా పద్దులు ఎందుకు చెడుతున్నవి?

పాల సేకరణ వేళ కరెంటు పోతే యూపీఎస్ కొద్ది నిమిషాలే కంప్యూటరును నిలుపును. బ్యాటరీ అయిపోకముందే కంప్యూటరు సక్రమంగా ఆగవలెనంటే, ఆ సంగతి యూఎస్‌బీ తీగ ద్వారా దానికి తెలియవలెను. తెలియనిచో సభ్యుల పాల కొలత, వెన్న శాతం పద్దులు చెడి చెల్లింపుల్లో తగాదాలు రాగలవు.

లాలాపేటలోని కార్యాలయమైనా, పల్లెలోని సేకరణ కేంద్రమైనా, లినక్స్ కంప్యూటరుకు పరీక్షలు ఇవే.

1. ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ’ ఆదేశమిచ్చి చూడవలెను. జాబితాలో యూపీఎస్ లేనిచో తీగ మార్చవలెను.

2. ఉన్నచో ‘నట్’ అను ఉచిత సాఫ్టువేరులో తగిన డ్రైవరు పెట్టవలెను. హిడ్ పద్ధతి యూపీఎస్‌కు ‘యూఎస్‌బీహిడ్-యూపీఎస్’, మెగాటెక్ పద్ధతి దానికి ‘నట్‌డీఆర్‌వీ-క్యూఎక్స్’ వాడవలెను.

3. డ్రైవరు రూట్ అధికారంతో నడిచి, మామూలుగా నడవనిచో లోపం అనుమతిదే. నట్‌తో వచ్చే ‘యూడెవ్’ నియమాలను తిరిగి చదివించి, తీగ ఊడదీసి మళ్లీ పెట్టవలెను. ఎల్లకాలం రూట్‌తో నడపడం బీరువా తాళంచెవి గుమ్మానికి తగిలించినట్లే.

చివరగా, సేకరణ లేని వేళ గోడ స్విచ్ ఆపి ‘అప్‌సీ’ ఆదేశమివ్వండి. స్థితి ‘ఓఎల్’ నుండి ‘ఓబీ’కి మారినచో కంప్యూటరుకు కబురు అందినట్లే. బ్యాటరీ తగ్గినప్పుడు కంప్యూటరును ఆపించే ‘అప్స్‌మాన్’ కూడా నడుస్తున్నదో లేదో కార్యదర్శులు తప్పక చూసుకొనవలెను.