ఆటల అంగడిలో ముఖచిత్రం

పుస్తకపు తొలి పుటను ఉర్దూలో 'సర్‌వరఖ్' అంటారు. 'సర్' అనగా శిరస్సు. తెలుగులో మనం ముఖచిత్రం అంటున్నాం. మనిషిని తలను బట్టి, మొగాన్ని బట్టి ఆనవాలు పట్టినట్లే గ్రంథాన్ని కూడా పట్టవచ్చునని ఈ రెండు భాషలూ భావించాయి. అయితే పుస్తకం కొనేవారికి ఒక సౌకర్యం ఉన్నది. చేతిలోకి తీసుకొని నాలుగు పుటలు తిరగవేసి, నచ్చకపోతే తిరిగి అక్కడే పెట్టివేయవచ్చు. సెల్‌ఫోన్‌లో వీడియో ఆటలు అమ్మే అంగడికి వెళ్లినవారు వ్రేలితో తెరను పైకి జరుపుతూ పోతారు. ఒక్కొక్క బొమ్మకు దక్కేది రెప్పపాటు కాలం మాత్రమే. ఏండ్ల తరబడి శ్రమించి తయారు చేసిన ఆట భవితవ్యం చాలావరకు ఆ రెప్పపాటులోనే తేలిపోతుంది.

కళాశాల పత్రికలో ఆటబొమ్మల ప్రసంగమేమిటని పెద్దలు కొందరు అనుకోవచ్చు. మన విద్యార్థుల సమయమూ, అంతో ఇంతో ధనమూ ఆ అంగడిలోనే ఖర్చవుతున్నవి. బొమ్మను చూసి మోసపోయేవారూ వారిలో ఉన్నారు, రేపు ఆ బొమ్మలు గీసి జీవనోపాధి పొందగలవారూ ఉన్నారు. ఇరువురికీ 'బాగుంది', 'బాగాలేదు' అనే రెండు మాటలు చాలవు. ఎందుకు బాగున్నదో, దేనికి బాగాలేదో చెప్పగలగాలి. ప్రతి సంవత్సరం ఈ పత్రికకు అట్టబొమ్మను ఎంపిక చేసే సంఘానికి సైతం ఈ విషయం పూర్తిగా పరాయిది కాదు.

మొదట చూడవలసినది పరిమాణం. గూగుల్ ప్లే అంగడికి పంపే గుర్తుబొమ్మ నిలువున 512, అడ్డంగా 512 చుక్కల కొలతలో ఉండాలి. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే అమెరికా అంగడి, కొన్నవారి అరలో కనిపించే బొమ్మను 600 చుక్కల వెడల్పు, 900 చుక్కల ఎత్తుతో కోరుతుంది. చిత్రకారుడు పెద్ద తెరమీద గీస్తాడు. ఆట యజమాని కూడా ఆ పెద్ద తెరమీదనే చూసి మెచ్చుకుంటాడు. కొనేవాని కంటికి మాత్రం అది తపాలా బిళ్లంత, ఒక్కొక్కసారి బొటనవ్రేలి గోరంతగా కనిపిస్తుంది. కావున ముఖచిత్రాన్ని పరిశీలించదలచినవారు ముందుగా దానిని తపాలా బిళ్లంతకు కుదించి, చేయి చాచి దూరం నుండి చూడాలి. అప్పుడు మిగిలినదే అసలైన చిత్రం. కవచం మీది నగిషీలు, ఆకాశంలోని మేఘాల వన్నెలు, మూలన నిలిచిన నలుగురు అనుచరులు అన్నీ మాయమైపోగా, ఒక ఆకారమూ రెండు మూడు రంగులూ స్పష్టంగా నిలిచినట్లయితే ఆ బొమ్మ నెగ్గినట్లే.

అంతటితో సరిపోదు, ఇరుగుపొరుగుల మధ్య పెట్టి కూడా చూడాలి. 1947లో ప్రారంభమైన 'చందమామ'కు వడ్డాది పాపయ్యగారు, అనగా మన 'వపా', ఎన్నో ఏండ్లు ముఖచిత్రాలు వేశారు. బస్టాండు పుస్తకాల అంగడిలో దారానికి వ్రేలాడే పదిరకాల పత్రికల నడుమ ఆ బొమ్మను అక్షరజ్ఞానం లేని పిల్లవాడు సైతం గుర్తుపట్టేవాడు. రంగుల కలయిక వపాగారిది, మరొకరిది కాదు. నేటి ఆటల అంగడిలో యుద్ధపు ఆటలన్నీ నారింజరంగు మంటలు, నీలిరంగు పొగ, వీపు చూపే వీరుడు అనే మూసలోనే నడుస్తున్నవి. వాటి పక్కన మరొక మంటను చేర్చితే అది ఎంత అందంగా మండినా ఎవరి కంటికీ ఆనదు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది మాట నిలుపుకోవడం. ముఖచిత్రం ఒక వాగ్దానం. 1977లో అమెరికాలో వెలువడిన ఆటారీ యంత్రపు ఆటలకు క్లిఫ్ స్పోన్ మొదలైన చిత్రకారులు వేసిన పెట్టెబొమ్మలు చూడముచ్చటగా ఉండేవి. లోపలి ఆటలో కనిపించేవి నాలుగు చతురస్రాలు. 'అడ్వెంచర్' అనే ఆట పెట్టెమీద కోట, చిక్కుదారులు, భీకరమైన డ్రాగన్ ఉంటాయి. తెరమీద కథానాయకుడు అక్షరాలా ఒక చిన్న చతురస్రం, డ్రాగన్ చూడబోతే బాతువలె ఉంటుంది. ఇది మోసమా? నా దృష్టిలో కాదు. ఆటలో నిజంగానే కోటలున్నవి, డ్రాగన్ తరుముతుంది, దారి తప్పిపోతాము. ఆనాటి యంత్రం గీయలేనిదాన్ని చిత్రకారుడు గీసి, ఆడేవాని ఊహకు ఊతమిచ్చాడు. మన జానపద కథలకు బొమ్మలు వేసినవారు చేసినదీ అదే.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా ఉన్నది. జపాన్‌లో పుట్టిన 'మెగా మ్యాన్' ఆటలో నాయకుడు నీలిరంగు దుస్తుల చిన్న యంత్రబాలుడు, అతని చేయియే ఆయుధం. 1987లో అమెరికాలో అమ్మిన పెట్టెమీద మాత్రం పసుపు, నీలి దుస్తులు తొడుక్కొని, పిస్తోలు పట్టుకొని, వంకరగా నిలబడిన ఒక నడివయసు పురుషుడు ప్రత్యక్షమయ్యాడు. ఆ బొమ్మ ఎంత అపహాస్యం పాలయిందంటే, 2012లో ఆ సంస్థవారే మరొక ఆటలో ఆ రూపాన్ని పరిహాస పాత్రగా ప్రవేశపెట్టారు. అక్కడి లోపం కేవలం చేతిపనిలోనిది కాదు. ఆట స్వభావాన్నే చిత్రం మార్చివేసింది.

2001లో వచ్చిన 'ఇకో' అనే ఆట ఇంకా మంచి పాఠం. కొమ్ములున్న ఒక బాలుడు ఒక బాలిక చేయి పట్టుకొని పాడుబడిన మహాకోట నుండి తప్పించుకొనే కథ అది. జపాన్, ఐరోపాలలో అమ్మిన పెట్టెకు ఆట రూపకర్త ఫుమితో ఉయెదా స్వయంగా వర్ణచిత్రం వేశారు. ఇటలీ చిత్రకారుడు డి కిరికో పద్ధతిలో పొడవైన నీడలు, కమానులు, విశాలమైన శూన్యం, ఆ శూన్యంలో పరుగెత్తే రెండు చిన్న ఆకృతులు. అమెరికా పెట్టెమీద బాలుని ముఖం పెద్దదిగా, వెనుక కోటతో, సాధారణ సాహసగాథ వలె ఉన్నది. రెండవదానిలో అబద్ధమేమీ లేదు. కాని ఆట ఆడేవాని మనసులో మిగిల్చే ఒంటరితనం మొదటిదానిలోనే ఉన్నది. మన పరీక్షలో పాత్రలు చిన్నవి కావడం చేత ఉయెదా చిత్రం ఓడిపోవలసినదే కదా అని ఎవరైనా ప్రశ్నించవచ్చు. కుదించి చూడండి. మనుషులు చుక్కలైపోయినా నీడలూ కమానులూ నిలుస్తాయి. అందులో చెప్పదలచిన విషయమే ఆ చిన్నదనం.

మన తెలుగువారికి దగ్గరి ఉదాహరణ 2017లో వచ్చిన 'బాహుబలి' ఆట. పేరూ పాత్రలూ చలనచిత్రానివి, ఆడవలసినది కోట కట్టి, సేనను పోషించి, శత్రువును ఎదుర్కొనే వ్యూహపు ఆట. కథానాయకుని ముఖం చూసి కత్తియుద్ధం ఆశించి వచ్చినవాడు ఇటుకలు పేర్చవలసి వస్తే ఏమనుకుంటాడు? పేరుగల ముఖం దొరికినప్పుడు దానితోపాటు ఆట తీరును కూడా ఒక మూల చూపడం చిత్రకారుని ధర్మం. ఈ ధర్మం తప్పినందుకు చీవాట్లు తిన్నవారున్నారు. తమ ఆటలలో ప్రధానం కాని చిక్కుముడులను ప్రధానమన్నట్లు చూపిన ప్రకటనలు రెండింటిని 2020లో బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ నిషేధించింది. స్టీమ్ అంగడివారు కూడా 2022 సెప్టెంబరు నుండి ఒక నియమం పెట్టారు. ముఖచిత్రం మీద ఆట పేరూ ఉపశీర్షికా తప్ప బిరుదులు, విమర్శకుల మార్కులు, తగ్గింపు ధరల ప్రకటనలు ఉండరాదు. ఈ నియమం నాకెంతో నచ్చింది. ముఖం నిండా పతకాలు తగిలించుకున్నవాని ముఖం కనిపించదు కదా!

ఇప్పుడు ఒక అభ్యాసం. ఉయ్యాలవాడ విద్యార్థి ఒకడు నరసింహారెడ్డి తిరుగుబాటును ఆటగా మలచినాడనుకుందాం. ముఖచిత్రం ఏది కావాలి? గుర్రంమీద కత్తి దూసిన వీరుడు వెంటనే తోస్తాడు. 2019లో వచ్చిన 'సైరా నరసింహారెడ్డి' చిత్రం తరువాత ఆ వీరునికి చిరంజీవి ముఖమే వచ్చి కూర్చుంటుంది. అప్పుడది చలనచిత్రపు ఆట అనుకుంటారు. 1846లో కోయిలకుంట్ల ఖజానాపై జరిగిన దాడిని చూపవచ్చు. అయితే ఆ తిరుగుబాటులో మాన్యాలు కోల్పోయిన కట్టుబడులు ఊరూరి నుండి వచ్చి ఆయన వెంట నడిచారు. ఆటలో చేయవలసినది ఆ జనాన్ని కూడగట్టడమే అయితే, ఒంటరి రౌతు బొమ్మ ఆటకు ద్రోహం. కాగడాలు పట్టి కొండదారిలో సాగే మనుషుల వరుస, దాని కొసన ఒక రూపం, ఇది ఆటను చెబుతుంది. గోరంతకు కుదించినా చీకటిలో వెలుగు గీతగా నిలుస్తుంది.

మరొక బొమ్మను గురించి కూడా చెప్పాలి. 1847 ఫిబ్రవరి 22న ఆయనను కోయిలకుంట్లలో ఉరితీసి, తలను 1877 వరకు కోటగోడకు వ్రేలాడదీశారు. చూసినవారు ఉలిక్కిపడే చిత్రమే, సందేహం లేదు. చూసి జనం భయపడాలనే తెల్లదొరలు దానిని ముప్పది ఏండ్లు అక్కడ ఉంచారు. ఆ తలను తెచ్చి అంగడి ముందు తగిలించడమంటే వారి పనిని మనం కొనసాగించడమే. ఆట లోపల, కథ అక్కడికి చేరినప్పుడు, దానికి చోటుండవచ్చు. ముఖచిత్రంగా నేను ఒప్పుకోను.

చివరగా అక్షరాల సంగతి. ఆంగ్లాక్షరాలకు లేని కష్టం మన లిపికి ఉన్నది. వత్తులు క్రిందికి, గుడులు పైకి పోతాయి కావున వరుసకు ఎత్తు ఎక్కువ కావాలి. 'ఉయ్యాలవాడ నరసింహారెడ్డి' అని పూర్తి పేరు ఒకే వరుసలో వ్రాస్తే కుదించినప్పుడు 'డ్డి' ఒక మచ్చగా మారిపోతుంది. 'ఉయ్యాలవాడ' అన్నది ఒక్కటే, లావైన అక్షరాలతో, కాగడాల వరుస పైనున్న చీకటి ఆకాశంలో వ్రాసి, 'య' వత్తుకు క్రింద చోటు విడిచిపెడితే చాలు. మిగిలిన పేరు ఉపశీర్షికలోకి పోవచ్చు, స్టీమ్ నియమం దానిని అనుమతిస్తుంది.