పాలీయూరిథేను జిగురు: అణునిర్మాణమును గుణములును

బూటు అడుగును పైతోలునకు అంటించు జిగురు నడకతోపాటు వంగవలెను; వంగినను ఊడరాదు. కఱ్ఱదూలములను కలుపు జిగురు బరువునకు సాగిపోరాదు. ఈ రెండు పనులకును పాలీయూరిథేను అను నొకే కుటుంబపు జిగురులు పనికివచ్చుచున్నవి. ఒకే జాతి పదార్థమునకు ఇన్ని స్వభావము లెట్లు గలిగెనో మన విద్యార్థులకు ఎఱిఁగింపఁ గోరి యిది వ్రాయుచున్నాము.

1937వ సంవత్సరమున జర్మనీలోని లెవర్కూజెను పట్టణమున ఒట్టో బేయరు అను రసాయనశాస్త్రజ్ఞుఁడును ఆయన సహచరులును ఈ పదార్థమును కనుగొనిరి. దీనికి ముడిసరకులు రెండు. మొదటిది ఐసోసయనేటు. దీని అణువునకు నత్రజని, కర్బనము, ఆమ్లజని వరుసగాఁ గూడిన చుఱుకైన కొసలు రెండైనను ఉండును. రెండవది పాలియాలు. దీని కొసలయందు ఆమ్లజని, ఉదజనుల జంట యుండును. ఈ కొసలు ఆ కొసలను పట్టుకొనఁగా పొడవైన గొలుసులు ఏర్పడును.

గొలుసులో పాలియాలు ఉన్న భాగము మెత్తన. ఐసోసయనేటు ఉన్న భాగము బిఱుసు. బిఱుసు భాగములు ప్రక్క గొలుసులలోని తమవంటి భాగములతో ఉదజని బంధములచే గుంపుగూడి, మేకులవలె గొలుసులను పట్టియుంచును. మెత్తని భాగము పొడవైనచో జిగురు రబ్బరువలె సాగును. బిఱుసు భాగము హెచ్చినచో గట్టిపడును. మూఁడు కొసల అణువులను కలిపినచో గొలుసులు వలవలె అల్లుకొనును. అట్టి జిగురు వేఁడికి కరఁగదు. తెలంగాణమున పండు ఆముదపు గింజల నూనె యిట్టి పాలియాలే! దాని అణువులలో పెక్కింటికి మూఁడేసి హైడ్రాక్సిలు జంటలు కలవు.

పాలియాలు ఏ జాతిదో యనునది మఱింత ముఖ్యము. పాలియెస్టరు జాతిది బలమైనది, నూనెకు లొంగదు. కాని తడియు వేఁడియు కలిసినచోట దాని ఎస్టరు కట్టులను నీరు తెంచివేయును. ఏండ్లతరబడి దాఁచిన బూట్ల పాలీయూరిథేను అడుగులు పొడిపొడిగా రాలుట తల్లిదండ్రులలో కొందఱు చూచియే యుందురు. అంగడివానిని నిందింతుము గాని, తఱచుగా తప్పు ఆ కట్టుదే. పాలీఈథరు జాతిది బలమున కొంత తక్కువయైనను నీటికి ఓర్చును. నిత్యము తడియు వస్తువులకు ఇదియే మేలని మా తలంపు.

కొన్ని జిగురులు గాలిలోని తేమతోనే గట్టిపడును. అప్పుడు బొగ్గుపులుసు వాయువు పుట్టును. దట్టముగాఁ బూసినచో అది బుడగలై అతుకును బలహీనపఱచును. కనుకనే పలుచగాఁ బూయుదురు.

తేమను పట్టు ఆ చుఱుకు కొసయే మనుష్యుని ఊపిరితిత్తులను సైతము బాధించును. దాని ఆవిరిని పీల్చిన పనివారికి ఉబ్బసము కలుగవచ్చును. అందుచే ఐరోపా సమాఖ్యలో 2023వ సంవత్సరము ఆగస్టు నెలనుండి, డైఐసోసయనేటు నూటికి 0.1 పాలు మించిన సరకులను వాడు పనివారు ముందుగా శిక్షణ పొందవలెనని నియమము కలదు.