చేతికి లక్ష వస్తే: ముందు కార్డు బాకీయా, ఇంటి లోనా?

దీపావళి బోనసో, చీటీ డబ్బో, అరటి గెలలు అమ్మిన డబ్బో చేతికి రాగానే కారమడై, మెట్టుపాళయం వైపు మనవాళ్ల ఇళ్లలో ఒక మాట వస్తుంది. ఇంటి లోనులో కొంత ముందుగా కట్టేద్దామా, క్రెడిట్ కార్డు బాకీ తీర్చేద్దామా అని. ఇంట్లో మాట తెలుగే అయినా బ్యాంకు కాగితాలు తమిళంలోనో ఇంగ్లీషులోనో వస్తాయి. అందుకే ఈ లెక్కను తెలుగులో ఒకచోట రాసిపెడుతున్నాం.

మా జవాబు ముందే చెబుతాం. కార్డు బాకీ ముందు, ఇంటి లోను తర్వాత.

లెక్క చూడండి. ఇంటి లోను వడ్డీ ఏడాదికి 8.5 శాతం అనుకుందాం. లక్ష రూపాయలకు నెలకు సుమారు 708 రూపాయలు. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు 3 నుంచి 3.75 శాతం దాకా ఉంటుంది. 3.5 శాతం అనుకున్నా లక్షకు నెలకు 3,500. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 4,130. అదే లక్ష, అదే నెల. భారం దాదాపు ఆరు రెట్లు.

కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం దాటకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కాబట్టి ఆ పరిమితి ఉందనే ధీమా ఇప్పుడు పనికిరాదు.

మరి ఇంత తేడా ఉన్నా చాలామంది ఇంటి లోను వైపే ఎందుకు మొగ్గుతారు? రెండు కారణాలు. ఒకటి, ఇల్లు కంటికి కనిపిస్తుంది, కార్డు బాకీ కనిపించదు. రెండోది, బ్యాంకులో చెప్పే లెక్క. 20 లక్షల లోను, 20 ఏళ్లు, 8.5 శాతం అయితే నెలవాయిదా సుమారు 17,356. మొదట్లోనే లక్ష అదనంగా కడితే లోను 28 నెలలు ముందే ముగుస్తుంది. అంటే నాలుగున్నర లక్షలకు పైగా వాయిదాలు కట్టే పని మిగులుతుంది. వినడానికి బాగుంటుంది. కానీ ఆ మిగులు చేతికి వచ్చేది 17, 18 ఏళ్ల తర్వాత. కార్డు మాత్రం ఈ నెలే 4,130 తీసుకుంటుంది.

రెండు దారులూ పక్కపక్కన పెడదాం. కార్డు మీద లక్ష బాకీ ఉంది, చేతిలో లక్ష ఉంది, నెలనెలా ఇంకో 5,000 కట్టగలరు.

మొదటి దారి: లక్ష ఇంటి లోనుకు, 5,000 కార్డుకు. మొదటి నెల ఆ 5,000లో అసలుకు చేరేది 870 మాత్రమే. కార్డును మళ్లీ వాడకపోయినా బాకీ తీరడానికి సుమారు 43 నెలలు పడుతుంది. కట్టిన మొత్తం 2 లక్షలు దాటుతుంది. అప్పటికి ఇంటి లోను సుమారు 1.35 లక్షలు తగ్గి ఉంటుంది.

రెండో దారి: లక్షతో కార్డు తీర్చేసి, ఆ 5,000 నెలనెలా ఇంటి లోనుకు. అదే 43 నెలలకు ఇంటి లోను సుమారు రెండున్నర లక్షలు తగ్గి ఉంటుంది.

అంటే ఇంటి మీద మమకారం ఉన్నవారు కూడా కార్డు ముందు తీర్చడమే మేలు. అయితే ఆ 5,000 ఖర్చుల్లో కలిసిపోకూడదు. కార్డు తీరిన నెల నుంచే ఇంటి లోనుకు వెళ్లాలి.

కొన్ని జాగ్రత్తలు చెబుతాం.

ఏ కార్డు కోసమైనా ఇంటి వాయిదా మాత్రం తప్పకండి. 90 రోజులు దాటి బాకీ పడితే బ్యాంకు దాన్ని మొండి బాకీగా లెక్కిస్తుంది. ఇల్లు తాకట్టులో ఉంది కదా.

ఉన్నదంతా ఊడ్చి కట్టేయకండి. ఆస్పత్రి ఖర్చుకు కొంత ఉంచుకోకపోతే మళ్లీ ఆ కార్డే గీకాలి.

కార్డులో బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. బాకీ తీరేదాకా వాడకం ఆపండి. కార్డుతో నగదు అసలే తీయకండి.

చేతిలో డబ్బు లేకపోతే నగల లోను తీసి కార్డు తీర్చవచ్చు. వడ్డీ చాలా తక్కువ పడుతుంది. కానీ గడువులో విడిపించే దారి ఉంటేనే. లేకపోతే నగలు వేలానికి పోతాయి.

కార్డు తీరాక ఇంటి లోను విషయం. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి లోనును ముందుగా కడితే బ్యాంకులు జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. అదనంగా కట్టేటప్పుడు వాయిదా అలాగే ఉంచి గడువు తగ్గించమని రాసివ్వండి, వడ్డీ ఎక్కువ మిగిలేది అందులోనే. పాత పన్ను పద్ధతిలో ఉన్నవారికి ఇంటి వడ్డీ మీద మినహాయింపు ఉంది, కార్డు వడ్డీకి అలాంటిదేమీ లేదు. ఈ లెక్కలోనూ కార్డే బరువు.

ఈ రోజే ఇంట్లో రెండు కాగితాలు తీయండి, కార్డు స్టేట్‌మెంటు, లోను స్టేట్‌మెంటు. రెండింటిలోనూ వడ్డీ శాతం ఎంతో చూడండి. కార్డు మీద నెలకు అని రాసి ఉంటే పన్నెండుతో గుణించండి. మా అంకెల బదులు మీ అంకెలు వేసుకున్నా జవాబు మారే ఇల్లు అరుదు.